కెమెరా లేకుండా టిఫిన్‌కి వెళ్ళాను

అందరూ టిఫిన్ చేశారా?

ఊరికే అడగట్లేదు. ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం టిఫిన్ గురించే. ఇంకా తినకపోతే ముందు తినేసి రండి, వీడియో ఎక్కడికీ పోదు. ఖాళీ కడుపుతో చూస్తే మధ్యలో నన్ను తిట్టుకుంటారు.

ఈసారి ఒక తేడా ఉంది. స్క్రీన్ మీద నా మొహం తప్ప ఇంకేం కనపడదు. పొగలు కక్కే ఇడ్లీ షాట్ లేదు, స్లో మోషన్‌లో నెయ్యి పోసే షాట్ లేదు. హోటల్ పేరు చెప్పను, లైను చెప్పను, మ్యాప్ లింక్ ఇవ్వను. గుంటూరు అని మాత్రం చెప్తాను, ఎందుకంటే నా యాస వింటే అది ఎలాగూ తెలిసిపోతుంది. పాత సబ్‌స్క్రైబర్లలో కొంతమందికి హోటల్ ఏదో అర్థమైపోవచ్చు. దయచేసి కామెంట్లలో రాయకండి. ఆ పాత వీడియో ఇప్పుడు మన ఛానల్లో లేదు, తీసేశాను. ఎందుకు తీసేశానో చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను.

ముందు హోటల్ సంగతి చెప్తాను. నార్త్ ఇండియా ఫ్రెండ్స్‌తో "పొద్దున్నే హోటల్‌కి వెళ్దాం" అంటే, రూమ్ బుక్ చేయాలా అని అడిగేవాళ్ళు. మనకి హోటల్ అంటే ముందు గుర్తొచ్చేది పెనం. గుంటూరులో ఒక సెంటర్‌కి శంకర్ విలాస్ సెంటర్ అని పేరు, అది హోటల్ పేరు. అక్కడ రైలు పట్టాల మీద ఉన్న బ్రిడ్జిని కూడా శంకర్ విలాస్ బ్రిడ్జి అనే అనేవాళ్ళం. అంటే ఊరు మొత్తం దారి చెప్పుకోవడానికి ఒక హోటల్ పేరు వాడుకుంది. మా ఊళ్ళో టిఫిన్‌కి అంత విలువ ఉంది.

నేను చెప్పే హోటల్ అంత పెద్దది కాదు. బోర్డు కూడా లేదు. ఒక ఇంటి ముందు గది, అందులో నాలుగు బల్లలు, బల్లకి మూడు కుర్చీలు. వసారాలో పొయ్యి. పెనం దగ్గర బాబాయ్, ఇడ్లీ పాత్ర దగ్గర పిన్ని. చుట్టాలేం కాదు, అందరూ అలాగే పిలుస్తారు, నేనూ అలాగే. గోడకి ఒక పలక. దాని మీద సుద్దముక్కతో ఆ రోజు ఏమున్నాయో రాస్తారు. ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు రోజూ ఉంటాయి. పూరీ ఆదివారం మాత్రమే, దాంతో పాటు శనగపిండి బొంబాయి చట్నీ. అయిపోయినవాటిని తడి వేలితో చెరిపేస్తారు. మీ యాప్‌లో "అవుట్ ఆఫ్ స్టాక్" అని వస్తుంది కదా, అదే.

నాకు ఈ హోటల్ అలవాటైంది 2021లో. నేను అప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని, గచ్చిబౌలి ఆఫీసు మూసేసి ఇంటి నుంచే పని చేయమన్నారు కాబట్టి గుంటూరులోనే ఉన్నాను. అమ్మ టీచర్. స్కూళ్ళు మళ్ళీ తెరిచాక పొద్దున్నే వెళ్ళిపోయేది. నాకు తొమ్మిదింటికి స్టాండప్ కాల్. ఎనిమిదింటికల్లా హోటల్‌కి వెళ్ళి, ఉప్మా పెసరట్టు తిని, కాఫీ తాగి, వచ్చి లాగిన్ అయ్యేవాణ్ణి. రోజంతా స్క్రీన్‌లో చిన్న చిన్న డబ్బాల్లో మనుషులు. నిజమైన మనుషుల్ని చూసేది ఆ అరగంటే.

రెండు మూడు వారాలు ఎవరూ నాతో మాట్లాడలేదు. నాకు పచ్చి ఉల్లిపాయ పడదు. పెసరట్టు మీద చల్లిన ఉల్లిపాయ ముక్కలు ఏరి ఆకు పక్కన పెట్టేవాణ్ణి. ఒకరోజు అట్టు ఉల్లిపాయ లేకుండా వచ్చింది. ఉత్త అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర. నేను చెప్పలేదు. "పిన్నీ, ఇది ఇంకెవరిదో వచ్చినట్టుంది" అన్నాను. "నీదే. నువ్వు తినవుగా" అంది. అంతే, మళ్ళీ ఇడ్లీ పాత్ర మూత తీయడానికి వెళ్ళిపోయింది.

నేను అప్పుడు చేస్తున్న పని ఏంటో తెలుసా? కస్టమర్ అలవాట్లు చూసి వాళ్ళకి ఏం కావాలో ముందే చెప్పే సిస్టమ్. పదకొండు మందిమి టీమ్. మా సిస్టమ్‌కి అంత బాగా ఎప్పుడూ రాలేదు. [నవ్వు]

తర్వాత గమనించడం మొదలుపెట్టాను. ఆ హోటల్‌లో ప్రతి ఒక్కరికీ ఒక లెక్క ఉంది. ఆరింటికి వచ్చే ఆటో అన్నలు నిలబడే తింటారు, శనివారం డబ్బులిస్తారు. ఆ లెక్క పాల కంపెనీ క్యాలెండర్ మీద పెన్సిల్ గీతలుగా ఉంటుంది. నైట్ డ్యూటీ దిగి వచ్చే ఒక నర్సక్క కాఫీ మాత్రం తాగి, ఇంటికి రెండు ప్లేట్ల ఇడ్లీ పార్సిల్ తీసుకెళ్తుంది. ఆమె వచ్చేసరికి పార్సిల్ కట్టి ఉంటుంది. ఏడుంపావుకి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వస్తారు. కిటికీ పక్క కుర్చీ ఆయనది. ఆయనకి బీపీ. పిన్ని పల్లీ చట్నీ రుబ్బుతూ, ఉప్పు వేయకముందే ఒక చిన్న స్టీలు గిన్నెలో కొంచెం తీసి పక్కన పెడుతుంది. అది మాస్టారి గిన్నె. ఆయన దాని గురించి ఎప్పుడూ అడగరు. ఆవిడ ఎప్పుడూ చెప్పదు. గిన్నె వస్తుంది, ఆయన తింటారు.

ఈ గిన్నెని గుర్తుపెట్టుకోండి.

2023లో నేను ఉద్యోగం మానేశాను. ఆ కథ వేరే ఎపిసోడ్‌లో చెప్పాను, మళ్ళీ వద్దు. 2024 వేసవికి మన ఛానల్‌కి ఉన్నది తొమ్మిది వేల మంది సబ్‌స్క్రైబర్లు. దాచుకున్న డబ్బులు అయిపోతున్నాయి. నాన్న ఏమీ అనట్లేదు, అది ఇంకా భయం. అప్పుడు అనిపించింది, మన హోటల్ మీద ఒక వీడియో చేద్దాం అని.

పర్మిషన్ అడిగాను. బాబాయ్ "తీసుకోరా, మనోడివేగా" అన్నాడు. పిన్ని "ఎందుకు నాన్నా అవన్నీ" అంది. నేను అది సిగ్గు అనుకున్నాను. కెమెరా ముందు చాలామంది మొదట అలాగే అంటారు కదా. నవ్వేసి ట్రైపాడ్ పెట్టేశాను.

ఎనిమిది నిమిషాల వీడియో, దాంట్లోంచి 41 సెకన్ల రీల్. పెద్ద వీడియో పర్లేదు అన్నట్టు పోయింది. రీల్ మాత్రం వారంలో 11 లక్షల వ్యూస్. బాబాయ్ అట్లకాడతో పెసరట్టు తిప్పే షాట్, మీద పసుపు రంగు అక్షరాలు, కింద లొకేషన్ పిన్. ఆ వారంలో నేను నిద్రపోయింది తక్కువ, ఫోన్ చూసుకున్నది ఎక్కువ.

తర్వాతి ఆదివారం వెళ్ళాను. వీధి చివర దాకా బండ్లు. విజయవాడ నుంచి వచ్చారు, నరసరావుపేట నుంచి వచ్చారు. నాతో సెల్ఫీలు కూడా తీసుకున్నారు. నాకు గర్వంగా ఉంది, అబద్ధం చెప్పను. ఇంకో వీడియో తీశాను, "మన రీల్ చూసి ఇంతమంది వచ్చారు" అని.

ఆ ఫుటేజ్ నా హార్డ్ డిస్క్‌లో ఇంకా ఉంది. మొన్న కూర్చుని మళ్ళీ చూశాను, ఈసారి మనుషుల్ని లెక్కపెడుతూ. ఇక్కడ కొంచెం బీటెక్ బుద్ధి చూపిస్తాను, భరించండి.

క్యూల గురించి చదివినవాళ్ళకి లిటిల్స్ లా అని ఒకటి గుర్తుంటుంది. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో దానికి రుజువు ఇచ్చాడు. చాలా సింపుల్. గంటకి ఎంతమంది వస్తున్నారో, ఒక్కొక్కరు ఎంతసేపు ఉంటున్నారో, ఆ రెండూ గుణిస్తే లోపల ఎంతమంది ఉంటారో వస్తుంది. మామూలు రోజు ఆ హోటల్‌కి గంటకి ఒక 40 మంది వస్తారు, తలా పావుగంట ఉంటారు. అంటే ఏ క్షణంలో చూసినా లోపల పది మంది. కుర్చీలు 12. సరిపోయింది. ఎవరూ డిజైన్ చేయలేదు, అలా కుదిరింది. ఆ ఆదివారం గంటకి 90 మంది. పెనం ఒక్కటే కాబట్టి వెయిటింగ్‌తో కలిపి ఒక్కొక్కరు 50 నిమిషాలు. గుణించండి. 75 మంది. 12 కుర్చీలు.

కుర్చీలు తెచ్చుకోవచ్చు అంటారు. బయట ప్లాస్టిక్ కుర్చీలు వేశారు కూడా. అసలు ఇబ్బంది కుర్చీలు కాదు, పిండి.

ఆఫీసులో సర్వర్ మీద లోడ్ పెరిగితే ఇంకో సర్వర్ పెడతాం, నిమిషాల్లో అయిపోతుంది. ఇడ్లీ పిండికి అది కుదరదు. రేపు పొద్దున ఎంతమంది వస్తారో ఇవాళ మధ్యాహ్నం మినప్పప్పు నానబోసేటప్పుడే తెలియాలి. సాయంత్రం రుబ్బాలి, ఇడ్లీ రవ్వ కలపాలి, రాత్రంతా పులియనివ్వాలి. ఆ పులియబెట్టే పని చేసేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా. అది పప్పుతోనే వస్తుంది, మనం విడిగా వేయక్కర్లేదు. పిండి పొంగేది అది వదిలే గ్యాస్ వల్లే. దానికి టైమ్ కావాలి. ఎనిమిది గంటలో, పన్నెండు గంటలో, ఆ రోజు వాతావరణాన్ని బట్టి. మీరు కారు వేసుకుని ఎంత దూరం నుంచి వచ్చినా సరే, ఎన్ని లక్షల వ్యూస్ వచ్చినా సరే, ఆ బాక్టీరియాకి సంబంధం లేదు.

వాళ్ళు మామూలుగా రుబ్బేది మూడు కిలోల మినప్పప్పు. దాంతో 420 ఇడ్లీలు, ప్లేటుకి మూడు చొప్పున 140 ప్లేట్లు. ఒక వాయికి 36 ఇడ్లీలు, ఒక్కో వాయికి 12 నిమిషాలు. లెక్క వేస్తే, ఆగకుండా వేసినా గంటకి 60 ప్లేట్లు. ఆ ఆదివారం ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి పలక మీద ఇడ్లీ చెరిపేశారు. రీల్ చూసి వచ్చేవాళ్ళు ఇంట్లో బయల్దేరేదే ఎనిమిదిన్నరకి! దూరం నుంచి వచ్చి ఇడ్లీ లేదంటే కోపం రాదా? వస్తుంది. వాళ్ళ తప్పు కూడా కాదు.

దాంతో రుబ్బడం రెట్టింపు చేశారు. శని, ఆదివారాలు చాలలేదు. మంగళవారం మిగిలిపోయింది. అది మే నెల, గుంటూరు ఎండ. పిండి మధ్యాహ్నానికే పుల్లగా అయిపోయేది, పారబోశారు. పెసర పిండి పులియక్కర్లేదు కానీ పెసలు నానడానికి గంటలు కావాలి, పిండి ఆ రోజుకే. అదీ పారబోశారు.

చుట్టుపక్కలవాళ్ళు, నాతో సహా, ఇచ్చిన సలహా ఒకటే. పెంచు బాబాయ్, ఇదే టైమ్. అప్పు చేసి పెద్ద గ్రైండర్ కొన్నాడు. పక్క షట్టర్ అద్దెకి తీసుకున్నాడు. ఇద్దరు మాస్టర్లని పెట్టాడు. నేను ఆ గ్రైండర్ మీద కూడా ఒక స్టోరీ పెట్టాను, బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టే ఫోటో.

ఆ తర్వాత నేను వేరే ఊళ్ళకి వెళ్ళిపోయాను. వేరే హోటళ్ళు, వేరే రీల్స్. ఏడాదిన్నర ఆ వీధికి వెళ్ళలేదు. బిజీ అని చెప్పొచ్చు. నిజం ఏంటంటే, మధ్యలో ఒకసారి మ్యాప్స్‌లో ఆ హోటల్ రివ్యూలు చూశాను. మొదట్లో అన్నీ ఐదు స్టార్లు. తర్వాత "ఇన్‌ఫ్లుయెన్సర్లని నమ్మకండి", "ఇడ్లీ రాయిలా ఉంది", "గంటన్నర వెయిటింగ్, మర్యాద లేదు". రేటింగ్ 3.1. అది చూశాక వెళ్ళబుద్ధి కాలేదు.

జనం రావడమే తప్పు అని నేను అనట్లేదు. విజయవాడ బాబాయ్ హోటల్‌కి, హైదరాబాద్‌లో తెల్లారకముందే దోసె కోసం రామ్ కీ బండికి ఎక్కడెక్కడి నుంచో వెళ్తారు. ఆ చోట్లు ఏళ్ళ తరబడి ఆ జనంతో పాటే పెరిగాయి. వారంలో ఒకేసారి మీద పడటం వేరే సంగతి. 2024 జనవరిలో మాదాపూర్ రోడ్డు పక్కన భోజనాలు అమ్మే ఆవిడ సంగతి మీ అందరికీ గుర్తుంది. వీడియోలు వైరల్ అయ్యాయి, ట్రాఫిక్ ఆగింది, పోలీసులు తీసేయమన్నారు, చివరికి ముఖ్యమంత్రి కలగజేసుకుని అక్కడే ఉండనివ్వమనే దాకా వెళ్ళింది. అందరికీ ముఖ్యమంత్రి రారు కదా.

సరే. పోయిన నెల వెళ్ళాను. ధనుర్మాసం, వీధంతా ముగ్గులు, మధ్యలో గొబ్బెమ్మలు. బండి ఎక్కడ పెట్టినా ముగ్గు తొక్కుతానేమోనని దూరంగా పెట్టి నడిచాను. ఏడున్నర. ఫోన్ జేబులోనే ఉంచాను.

పక్క షట్టర్ మూసి ఉంది. లోపల నాలుగు బల్లల్లో రెండు ఖాళీ. ఆటో అన్నలు కనపడలేదు. బాబాయ్ నన్ను చూసి "ఏరా, పెద్దోడివైపోయావ్" అన్నాడు, అట్టు మీంచి కళ్ళు తీయకుండా. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అన్నాడు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

పెసరట్టు వచ్చింది. ఉల్లిపాయ లేదు.

తినేదాకా ఎవరూ ఏమీ మాట్లాడలేదు. జనం తగ్గాక నేనే అడిగాను, ఎలా ఉంది బాబాయ్ అని. దాచుకోకుండా చెప్పాడు. జనం మూడు నెలలు వచ్చారు. వర్షాలు పడేసరికి తగ్గారు, దసరాకి పూర్తిగా ఆగిపోయారు. మాస్టర్లిద్దరినీ పంపించేశాడు. షట్టర్ ఖాళీ చేశాడు, అడ్వాన్స్‌లో కొంత పోయింది. గ్రైండర్ వాయిదాలు ఇంకా ఏడు నెలలు ఉన్నాయి. "అది పర్లేదురా, తీరుతుంది" అన్నాడు. "అప్పుడు పిండి పులవకుండానే వేయాల్సి వచ్చి సోడా కలిపాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. మీ పిన్ని రెండు రోజులు నాతో మాట్లాడలేదు."

ఆటో అన్నలు నిలబడటానికి చోటు లేక వేరే బండికి అలవాటు పడ్డారు. కొంతమంది వచ్చారు, కొంతమంది రాలేదు. నర్సక్క మళ్ళీ వస్తోంది. మాస్టారి సంగతి నేను అడగలేకపోయాను. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది, అది చూస్తూ కూర్చున్నాను.

నాకు తెలిసిన పరిష్కారం ఒకటే కదా. "పిన్నీ, ఇంకో వీడియో చేస్తాను. ఈసారి జాగ్రత్తగా, మెల్లగా వచ్చేలా. ఇప్పుడు మనకి నాలుగు లక్షల మంది ఉన్నారు" అన్నాను.

"వద్దు నాన్నా" అంది. "కాఫీ తాగుతావా?"

తాగాను. లేవబోతుంటే పిన్ని ఒక రెండు గిన్నెల క్యారేజీ తెచ్చి నా ముందు పెట్టింది. "ఖాళీగానే ఉన్నావుగా, ఇది మాస్టారికి ఇచ్చిరా. నీరసంగా ఉంటున్నారు, అంత దూరం నడవట్లేదు. రోజూ మీ బాబాయ్ ఇచ్చొస్తాడు, ఇవాళ పెనం వదల్లేడు." క్యారేజీ పక్కన, మూత మీద రబ్బరు బ్యాండ్ వేసి, ఆ చిన్న స్టీలు గిన్నె.

రెండు వీధుల అవతల ఇల్లు. మాస్టారే తలుపు తీశారు, లుంగీ, స్వెటర్. బాగా చిక్కిపోయారు. నన్ను ఒక్క క్షణం చూసి "నువ్వు వీడియో అబ్బాయివి కదూ" అన్నారు.

అవునండీ అన్నాను.

"మా మనవరాలు చూపించింది. బాగా తీశావు. నా వీపు కూడా కనపడింది, కిటికీ దగ్గర." క్యారేజీ తీసుకుని లోపలికి వెళ్తూ, చాలా మామూలుగా, "ఆ తర్వాత నాకు కుర్చీ దొరకలేదు" అన్నారు.

నేను సారీ చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన అప్పటికే ప్లేట్లోకి ఇడ్లీలు తీసుకుంటున్నారు. "కూర్చో. గిన్నెలు కడిగిస్తాను, పట్టుకుపో. తొమ్మిదిలోపు ఇవ్వకపోతే ఆవిడ ఊరుకోదు, మళ్ళీ వేరే ఇంటికి అందులోనే వెళ్ళాలి."

ఆ మాట ఆలోచిస్తూ కూర్చున్నాను. వేరే ఇంటికి. తిరిగి వచ్చాక బాబాయ్‌ని అడిగితే చెప్పాడు. జనం ఎక్కువై పాతవాళ్ళు రాలేకపోతున్నప్పుడు పిన్ని ఈ క్యారేజీలు మొదలుపెట్టింది. పదకొండు ఇళ్ళు. అందరూ పెద్దవాళ్ళే, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్ళు. ఇప్పుడు గ్రైండర్ వాయిదా కట్టేది ఎక్కువగా ఆ డబ్బులతోనే. వీడియోలో ఇది ఎక్కడా లేదు, ఎందుకంటే అప్పటికి నేను వెళ్ళిపోయాను.

ఆ వారం ఊళ్ళో ఉన్నన్ని రోజులూ నేనే ఇచ్చొచ్చాను, పదకొండు ఇళ్ళూ. బండి మీద గంటంపావు పట్టింది మొదటి రోజు, బాబాయ్‌కి నలభై నిమిషాలు పడుతుందట. ఒక ఇంట్లో క్యారేజీ మార్చి ఇచ్చేశాను, ఆ మామ్మగారు ఉప్పు లేదని పిన్నికి ఫోన్ చేసి నా మీద చెప్పారు. [నవ్వు]

ఇప్పుడు ఏ హోటల్‌కి షూట్‌కి వెళ్ళినా ముందు "రోజుకి ఎంత పిండి రుబ్బుతారండీ" అని అడుగుతున్నాను. చాలామంది నవ్వుతారు. కొంతమంది చెప్తారు. చెప్పిన దాన్ని బట్టి లొకేషన్ పెట్టాలా వద్దా అని వాళ్ళనే అడుగుతున్నాను. మొన్న తెనాలిలో ఒకావిడ వద్దంది, వీడియో మొత్తం ఆపేశాను. అందుకే రెండు వారాలుగా ఎపిసోడ్ లేదు, మీలో కొంతమంది మెసేజ్ పెట్టారు, ఏమైంది అన్నా అని. అదీ సంగతి.

మీ వీధిలో ఇలాంటి హోటల్ ఒకటి ఉండే ఉంటుంది. రేపు పొద్దున వెళ్తే ఏడింటికే వెళ్ళండి, తొమ్మిదిన్నరకి వెళ్ళి ఇడ్లీ లేదా అని అడగకండి. చిల్లర పట్టుకెళ్ళండి.

ఉంటాను అండీ. డిస్క్రిప్షన్‌లో ఈసారి ఏమీ లేదు, వెతకకండి.